నిద్రపోతున్నది ఎవరు? – అమెరికాలో లాటినోల ఓటూ సీటూ

అమెరికాలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ అక్కడి పత్రికలు ఒక పాత మాటను దుమ్ము దులిపి బయటికి తీస్తాయి. లాటినోలు "నిద్రపోతున్న మహాకాయుడు" అట. లేస్తే రాజకీయాలు తలకిందులవుతాయట. ఓట్ల లెక్కింపు అవగానే అవే పత్రికలు తీర్పు చెబుతాయి. వీడు ఈసారీ లేవలేదనో, సగమే లేచాడనో, లేచి తప్పు దిక్కుకు నడిచాడనో రాస్తాయి. పైకి పొగడ్తలా కనిపించినా లోపలంతా నిందే. "దళితుల్లో చైతన్యం లేదు, సారాకూ నోటుకూ ఓటు అమ్ముకుంటారు" అని మన దగ్గర రాసే రాతలకూ దీనికీ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా తప్పు ఓటరు మీదే పడుతుంది. తలుపు వేసిందెవరు, గడియ ఏ వైపు ఉంది అన్న ప్రశ్న మాత్రం రాదు.

ముందు లెక్కలు చూద్దాం. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో లాటినోలు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే 18.7 శాతం. 2024 నాటికి వాళ్లలో ఓటు హక్కుకు అర్హులు 3 కోట్ల 60 లక్షల మంది దాకా ఉన్నారు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో అర్హత ఉన్న తెల్లవాళ్లలో నూటికి 71 మంది ఓటేస్తే, లాటినోల్లో 54 మంది వేశారు. జనాభాలో అయిదో వంతుకు దగ్గరగా ఉన్నవాళ్లకు ప్రతినిధుల సభలో ఉన్నది ఇంచుమించు పదో వంతు సీట్లు. జనం నుంచి ఓటుకు, ఓటు నుంచి సీటుకు, సీటు నుంచి అధికారానికి వెళ్లే ప్రతి మెట్టు దగ్గరా కొందరు రాలిపోతున్నారు. వాళ్లు రాలిపోతున్నారా, ఎవరైనా రాలగొడుతున్నారా? అసలు తేల్చుకోవాల్సింది ఇదే.

కొంత తేడా వయసు వల్ల వచ్చింది. లాటినోల్లో పిల్లలు, కుర్రకారు ఎక్కువ. పౌరసత్వం లేనివాళ్లు కూడా లక్షల్లో ఉన్నారు. దీన్ని ఎవరూ కాదనరు. కానీ ఇది ఒక్కటే కారణమైతే, పౌరులై, పెద్దవాళ్లై, జనాభాలో మెజారిటీ అయిన ఊళ్లలో కూడా దశాబ్దాల తరబడి వాళ్లకు ఒక్క సీటు ఎందుకు దక్కలేదు? నిద్ర సిద్ధాంతం దగ్గర దీనికి జవాబు లేదు.

కొత్తగా వచ్చినవాళ్లు అన్న అబద్ధం

నిద్ర సిద్ధాంతానికి ఒక తోడు సిద్ధాంతం ఉంది. "వీళ్లు కొత్తగా వచ్చినవాళ్లు. ఐరిష్ వాళ్లు, ఇటాలియన్లు కూడా మొదట ఇట్లాగే ఉన్నారు. కాస్త ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయి" అంటుందది. ఓపిక పట్టమనే ఉపదేశం మనకు బాగా అలవాటైనదే.

1848లో గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంతో అమెరికా మెక్సికో భూభాగాన్ని పెద్ద ఎత్తున కలిపేసుకుంది. అంతకుముందే పోయిన టెక్సాస్‌ను కలుపుకుంటే అది సుమారు సగం మెక్సికో. ఆ నేల మీద ఉన్న మెక్సికన్లు ఎక్కడికీ వలస వెళ్లలేదు. వాళ్లు ఉన్నచోటనే ఉంటే సరిహద్దే వాళ్ల మీదుగా నడిచిపోయింది. పౌరసత్వం ఇస్తామని ఒప్పందంలో రాశారు. నూట డెబ్బై ఏళ్లు దాటినా వాళ్ల వారసులు ఇంకా "కొత్తవాళ్లే"నా?

పోర్టోరికో సంగతి మరీ విడ్డూరం. 1917 నుంచి ఆ దీవి జనం అమెరికా పౌరులు. ఈనాడు 30 లక్షలకు పైగా ఉన్నారు. దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు. ప్రతినిధుల సభకు ఒక కమిషనర్‌ను పంపుతారు గానీ, బిల్లు మీద తుది ఓటింగులో ఆయన చెయ్యి ఎత్తడానికి లేదు. అదే మనిషి విమానమెక్కి ఫ్లోరిడాలో స్థిరపడితే ఓటు వస్తుంది. తిరిగి ఇంటికి పోతే ఆ ఓటు పోతుంది. ఈ మనిషిలో చైతన్యం ఎక్కడ తగ్గింది? విమానంలోనా?

ఓటు దాకా రానివ్వని పద్ధతులు

టెక్సాస్ 1902లో ఓటు పన్ను పెట్టింది. ఒకటిన్నర డాలరుకు పైచిలుకు. పత్తి ఏరే కూలికి అది చిన్న మొత్తం కాదు. 1966లో కోర్టులు దాన్ని కొట్టేసేదాకా నడిచింది. అది పోయాక కూడా ఓటరు ఏటా కొత్తగా పేరు నమోదు చేయించుకోవాలన్నారు. గడువు జనవరి ఆఖరు, ఎన్నిక నవంబరులో. పంటల వెంట రాష్ట్రాలు తిరిగే వలస కూలీ ఆ గడువు ఎట్లా అందుకుంటాడు? 1971లో ఫెడరల్ కోర్టు దీన్నీ కొట్టేసింది. న్యూయార్క్‌లో ఇంగ్లీషు చదవడం రాయడం వస్తేనే ఓటు అన్నారు. పోర్టోరికోలో అమెరికా జెండా కింద స్పానిష్ బడిలో చదువుకున్న పౌరుడు అక్కడ నిరక్షరాస్యుడైపోయాడు. 1965 ఓటు హక్కుల చట్టంలో ఒక సెక్షన్ పెట్టి, 1966లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తే గానీ ఆ అడ్డు తొలగలేదు. ఇంగ్లీషు రాకపోతే జ్ఞానమే లేదనే పెద్దమనుషులు మన యూనివర్సిటీల్లోనూ ఉన్నారు కాబట్టి దీన్ని విడిగా వివరించనక్కర లేదు.

1975లో ఓటు హక్కుల చట్టాన్ని భాషా మైనారిటీలకు విస్తరించి, వాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో బ్యాలెట్ పత్రాలు వాళ్ల భాషలో కూడా ఇవ్వాలన్నారు. టెక్సాస్‌ను ఆ చట్టం కిందికి తేవడానికి గట్టిగా పాటుపడిన వాళ్లలో బార్బరా జోర్డాన్ ఒకరు. ఆమె హ్యూస్టన్ నుంచి ఎన్నికైన నల్లజాతి ప్రతినిధి. నల్లవాళ్లు రక్తం ధారపోసి తెచ్చుకున్న చట్టం లాటినోలకు కూడా గొడుగైంది. ఈ విషయం తర్వాత మళ్లీ మనకు అవసరమవుతుంది.

అడ్డంకుల రూపం మారింది గానీ అడ్డంకులు పోలేదు. 2011లో టెక్సాస్ ఓటరు గుర్తింపు చట్టం చేసింది. తుపాకీ లైసెన్సు చూపిస్తే చెల్లుతుంది, యూనివర్సిటీ గుర్తింపు కార్డు చూపిస్తే చెల్లదు. ఎవరి జేబులో ఏ కార్డు ఉంటుందో చట్టం రాసినవాళ్లకు తెలియదా? 2019లో అదే రాష్ట్రం పౌరులు కాని వాళ్లు ఉండవచ్చంటూ 95 వేల మంది ఓటర్ల జాబితా తయారుచేసింది. అందులో వేలమంది అప్పటికే ప్రమాణం చేసి పౌరసత్వం తీసుకున్నవాళ్లని తేలింది. కేసు పడ్డాక జాబితా వెనక్కి పోయింది. కానీ కొత్తగా పౌరుడైనవాడికి అందిన సందేశం వెనక్కి పోతుందా? "నీ పేరు మీద మా కన్నుంది" అన్నదే ఆ సందేశం.

"మీరూ మాలో వాళ్లే కదా"

ఆధిపత్యం ఎప్పుడూ "నువ్వు వేరు, దూరంగా ఉండు" అనే చెబుతుందని అనుకుంటాం. కొన్నిసార్లు అది దగ్గరికి తీసుకుని మరీ గొంతు నొక్కుతుంది. 1954 నాటి హెర్నాండెజ్ కేసులో కనిపించేది ఇదే. టెక్సాస్‌లోని జాక్సన్ కౌంటీలో 25 ఏళ్లుగా ఒక్క మెక్సికన్ పేరున్న మనిషి జ్యూరీలో కూర్చోలేదు. దీన్ని ప్రశ్నిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఏమన్నది? "మెక్సికన్లు కూడా తెల్లవాళ్లే. జ్యూరీలో ఉన్నదీ తెల్లవాళ్లే. ఇంక వివక్ష ఎక్కడిది?" అన్నది. ఆ వాదన వినిపించిన కేసు మొదలైన కోర్టు భవనంలోనే మగవాళ్లకు రెండు మరుగుదొడ్లు ఉండేవి. ఒకదాని మీద ఏ రాతా లేదు. రెండోదాని మీద నల్లవాళ్లకు అని ఇంగ్లీషులోనూ, మగవాళ్లు ఇక్కడ అని స్పానిష్‌లోనూ రాసి ఉంది. కాగితం మీద తెలుపు, మరుగుదొడ్డి దగ్గర నలుపు! సుప్రీంకోర్టు టెక్సాస్ వాదనను తోసిపుచ్చింది.

1970లో హ్యూస్టన్‌లో ఇదే కిటుకును తిరగేసి వాడారు. బడుల్లో వేర్పాటు పోగొట్టమంటే, మెక్సికన్ పిల్లలను "తెల్లపిల్లలు"గా లెక్కకట్టి నల్లపిల్లల బడులతో కలిపారు. అసలు తెల్లపిల్లల బడుల జోలికి పోకుండానే వేర్పాటు పోయిందని చెప్పుకున్నారు.

ఇది మనం వినని మాట కాదు. "మీరూ హిందువులే కదా, విడిగా అడగడమెందుకు, హిందూ సమాజాన్ని చీల్చడమెందుకు" అనే వాదనతోనే 1932లో ప్రత్యేక నియోజకవర్గాలను అడ్డుకుని అంబేడ్కర్‌తో పూనా ఒప్పందం మీద సంతకం పెట్టించారు. కులమూ జాతీ ఒకటి కావు, రెండు చరిత్రలూ వేరు. అయినా ఆధిపత్యం వాడే తర్కం ఒకటే. లెక్క అడిగినప్పుడు మనవాళ్లు అవుతారు, వాటా అడిగినప్పుడు పరాయివాళ్లు అవుతారు.

గీతలు గీసేవాడి రాజ్యం

ఓటు వచ్చాక కూడా సీటు ఎందుకు రాలేదు? శాన్ ఆంటోనియో నగరం చూడండి. 1970ల నాటికి జనాభాలో సగం మంది మెక్సికన్ అమెరికన్లు. కానీ కౌన్సిల్‌కు వార్డులు లేవు. నగరమంతా ఒకటే నియోజకవర్గం. ప్రతి సీటుకూ ఊరంతా ఓటేయాలి. ఓటర్లలో మెజారిటీ ఉన్నవాళ్లదే ప్రతి సీటూ. మెక్సికన్లు ఉండే వెస్ట్ సైడ్‌లో వాన పడితే నీళ్లు ఇళ్లలోకి వచ్చేవి. మురుగు కాల్వల పథకాలు ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉండేవి. వెస్ట్ సైడ్ ఓట్లతో పనిలేకుండా గెలిచేవాడికి వెస్ట్ సైడ్ బురదతో పనేముంది?

1973లో సుప్రీంకోర్టు ఈ నగరం ఉన్న బేహార్ కౌంటీలో శాసనసభకు బహుళ సభ్యుల నియోజకవర్గాలు చెల్లవన్నది. 1976లో నగర కౌన్సిల్ ఎన్నికల పద్ధతి మీద, శివార్లను కలుపుకోవడం మీద కేంద్ర న్యాయశాఖ అభ్యంతరం పెట్టింది. 1977లో నగరం పది వార్డులకు ఒప్పుకుంది. ఆ ఏడాదే మేయరుతో కలిపి 11 మంది కౌన్సిల్‌లో అయిదుగురు మెక్సికన్ అమెరికన్లు, ఒక నల్లజాతి సభ్యుడు వచ్చారు. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యాడు. నాలుగేళ్లలో ఆ జనం నిద్రలేచారా? జనం వాళ్లే, మారింది గీత.

లాస్ ఏంజెలెస్ కౌంటీలో కథ ఇంకా ఘోరం. 1990లో జనాభాలో లాటినోలు సుమారు 38 శాతం. కౌంటీని ఏలేది అయిదుగురు సూపర్‌వైజర్లు. ఒక్కొక్కరి కింద 17 లక్షలకు పైగా జనం. వందేళ్లకు పైగా ఆ అయిదుగురిలో ఒక్క లాటినో లేడు. సూపర్‌వైజర్లు తమ సీట్లు కాపాడుకోవడానికి లాటినో పేటలను కావాలనే ముక్కలు చేశారని 1990లో గార్జా కేసులో కోర్టు తేల్చింది. గీతలు మార్చాక 1991లో గ్లోరియా మొలీనా గెలిచింది.

ఇక టెక్సాస్‌లో కాంగ్రెస్ సీట్లు. 2010 నుంచి 2020 లోపు ఆ రాష్ట్రంలో సుమారు 40 లక్షల జనం పెరిగారు. అందులో దాదాపు సగం మంది లాటినోలు. ఆ పెరుగుదల వల్ల రాష్ట్రానికి రెండు సీట్లు అదనంగా వచ్చాయి. 2021లో గీసిన మ్యాపులో ఆ రెండిట్లో ఒక్కటి కూడా లాటినోలు మెజారిటీగా ఉండే సీటు కాదు. సీటు తేవడానికి మన తలకాయలు కావాలి, ఆ సీట్లో కూర్చోవడానికి మాత్రం వాళ్లుండాలి. "ఓట్లు మావి, సీట్లు మీవా" అని మన గోడల మీద రాసుకున్న ప్రశ్న ఇదే.

ముఖం ఎవరిది, ఓటు ఎవరిది

ఇక్కడ ఒక కేసు దగ్గర ఆగాలి. మన రిజర్వుడు సీట్ల చర్చకు ఇంత దగ్గరగా వచ్చే ఉదాహరణ అమెరికాలో మరొకటి ఉండదేమో. టెక్సాస్ 23వ కాంగ్రెస్ నియోజకవర్గానికి హెన్రీ బొనియా ప్రతినిధి. మెక్సికన్ సంతతివాడు, రిపబ్లికన్ పార్టీ. 2002లో ఆయన గెలిచాడు గానీ లాటినో ఓట్లలో 8 శాతమే ఆయనకు పడ్డాయి. నియోజకవర్గంలో లాటినో ఓటర్లు పెరుగుతున్నారు, వచ్చేసారి ఓడిపోవచ్చు. దాంతో 2003లో రాష్ట్ర శాసనసభ లారెడో నగరమున్న వెబ్ కౌంటీని రెండుగా కోసి సుమారు లక్షమందిని బయటికి నెట్టింది. లాటినో నాయకుడిని లాటినో ఓటర్ల నుంచి కాపాడటానికి గీసిన గీత అది! 2006లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. లాటినోలు తమ అవకాశాన్ని వాడుకోబోతున్న సమయంలోనే దాన్ని లాక్కున్నారన్నది. గీత సరిచేశాక ఆ ఏడాది చివర బొనియా ఓడిపోయాడు.

ప్రాతినిధ్యం అంటే ముఖాల లెక్క అనుకునేవాళ్లకు ఈ కేసులో ఏ సమస్యా కనిపించదు. సీట్లో లాటినో ఉన్నాడు కదా అంటారు. కానీ ఆ సీట్లో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించింది ఎవరు? అంబేడ్కర్ ఉమ్మడి నియోజకవర్గాల మీద పెట్టిన అభ్యంతరం ఇదే. పూనా ఒప్పందానికి యాభై ఏళ్లయిన సందర్భంలో 1982లో కాన్షీరాం 'చంచా యుగం' రాసింది ఈ సమస్య మీదే. ప్రతినిధి ఏ ముఖంతో ఉన్నాడన్నది కాదు, ఎవరి ఓటు మీద నిలబడ్డాడన్నదే కొలత.

సీటుకు అవతల

సీటు దక్కితే అంతా అయిపోయినట్టేనా? టెక్సాస్‌లోనే క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊరుంది. పాలకూర పండే చోటు. జనాభాలో అయిదింట నాలుగు వంతులు మెక్సికన్ అమెరికన్లు. 1963లో కూలీల దగ్గర పైసా పైసా పోగుచేసి ఓటు పన్ను కట్టించి, అయిదుగురు మెక్సికన్ అభ్యర్థులు కౌన్సిల్‌లోని అయిదు సీట్లూ గెలిచారు. ఓటు పన్ను అమల్లో ఉన్న రోజుల్లోనే! నిద్ర సిద్ధాంతకర్తలు ఈ ఊరి పేరు ఎత్తరు. రెండేళ్లకే ఆ కౌన్సిల్ పోయింది. 1969లో హైస్కూలు పిల్లలు బడి బహిష్కరించారు. చీర్‌లీడర్ల జట్టులో మెక్సికన్ అమ్మాయిలకు ఒక్క స్థానమే ఇవ్వడం దానికి తక్షణ కారణం. 1970లో హొసే ఏంజెల్ గుటీరెజ్ తదితరులు కట్టిన రాజా ఉనీదా పార్టీ స్కూలు బోర్డునూ కౌన్సిల్‌నూ గెలుచుకుంది. బడిలో రెండు భాషల చదువు వచ్చింది. కానీ పొలాలు, ఫ్యాక్టరీలు, గ్యాస్ గొట్టాలు వేరేవాళ్ల చేతిలోనే ఉన్నాయి. పెంచిన ధర కట్టలేమని ఊరు ఎదురు తిరిగితే 1977లో కంపెనీ గ్యాస్ సరఫరా ఆపేసింది. రాజకీయ అధికారం మనది, ఆస్తి వాళ్లది అయినప్పుడు ఏం జరుగుతుందో ఆ చలికాలం చల్లారిన పొయ్యిలు చెప్పాయి.

లోపలి మెట్లు

లాటినో అనే మాట కింద అందరూ ఒకటి కాదు. 2013 నుంచి 2016 చివరిదాకా సెనేట్‌లో లాటినోలు ముగ్గురే. ముగ్గురూ క్యూబా సంతతివాళ్లే. లాటినో జనాభాలో సగానికి పైగా ఉన్న మెక్సికన్ సంతతి నుంచి ఒక్కరూ లేరు. 1929లో పుట్టిన లులాక్ సంస్థ సభ్యత్వాన్ని అమెరికా పౌరులకే పరిమితం చేసింది. ఆ తరం నాయకుల్లో చాలామంది "మేమూ తెల్లవాళ్లమే" అని వాదించి నల్లవాళ్లకు దూరం జరిగారు.

న్యూ మెక్సికోలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు మొదటినుంచీ పలుకుబడి ఉంది. ఆ రాష్ట్ర రాజ్యాంగం 1912 నుంచే భాష పేరుతో ఓటు తీసేయకూడదన్నది. వాళ్లలోంచి గవర్నర్లు వచ్చారు, సెనేటర్లు వచ్చారు. అదే రాష్ట్రంలో రిజర్వేషన్ భూముల మీద బతికే ప్యూబ్లో ఆదివాసులకు 1948 దాకా ఓటు లేదు. యుద్ధంలో పనిచేసి వచ్చిన మిగెల్ త్రుహీయో అనే ఉపాధ్యాయుడు కోర్టుకెక్కితే వచ్చింది.

2022 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక టేపు బయటపడింది. అంతకు ఏడాది ముందు ముగ్గురు లాటినో కౌన్సిల్ సభ్యులు, ఒక కార్మిక నాయకుడు కూర్చుని వార్డుల గీతలు ఎట్లా ఉండాలో మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోనే కౌన్సిల్ అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్ సాటి సభ్యుడు పెంచుకుంటున్న నల్లజాతి పిల్లవాడిని ఎగతాళి చేసింది. మెక్సికోలోని వహాకా నుంచి వచ్చిన ఆదివాసులను పొట్టివాళ్లని, నల్లవాళ్లని ఈసడించింది. ఆమె రాజీనామా చేయాల్సి వచ్చింది. గీతల వల్ల దెబ్బతిన్నవాళ్ల ప్రతినిధులు గీతల పెన్సిల్ చేతికి రాగానే మాట్లాడిన మాటలవి. నల్లవాళ్ల పోరాటం పట్టిన గొడుగు కింద నిలబడే ఈ మాటలన్నారు.

దీన్ని చూపించి "మీలో మీకే పడదు, మీకెందుకు వాటా" అని తెల్ల ఆధిపత్యం అనొచ్చు. అనకుండా ఉండదు కూడా. దండోరా ఉద్యమం 1994లో మొదలైనప్పుడు మనకూ ఆ మాట వినిపించింది. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసి, 2024లో వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పేదాకా ఇరవై ఏళ్లు పట్టింది. లోపలి అసమానతను ప్రశ్నించడం ఐక్యతను చీల్చడం కాదు. ఐక్యత పేరుతో కింది మెట్టు మీదున్నవాడి నోరు మూయించడమే చీలిక.

మరి మేలుకోవాల్సింది ఎవరు

2024లో లాటినో ఓటర్లలో చాలామంది ట్రంప్‌కు ఓటేశారు. జనాభాలో నూటికి 97 మంది లాటినోలున్న టెక్సాస్‌లోని స్టార్ కౌంటీ వందేళ్లకు పైగా గడిచాక రిపబ్లికన్ పార్టీ వైపు తిరిగింది. ఉదారవాదులు తిట్టిపోశారు. లాటినో ఓటు తమ జేబులో ఉందనుకున్నవాళ్లకు ఆ జేబుకు చిల్లు పడినందుకు కోపం. కానీ ఏ పార్టీ అయినా ఎన్నికల నెలలో స్పానిష్ పాట పెట్టుకుని వచ్చి, మిగతా నలభై ఏడు నెలలూ కనిపించకపోతే జనం ఏ లెక్కన విధేయులుగా ఉండాలి? ట్రంప్‌కు వేసిన ఓటును సమర్థించనక్కర లేదు. అది ఎందుకు పడిందో అడగకుండా "మోసపోయారు" అనడం మాత్రం నిద్ర సిద్ధాంతానికి మరో ముఖం.

విల్లీ వెలాస్కెజ్ 1974లో శాన్ ఆంటోనియో కేంద్రంగా ఓటరు నమోదు సంస్థ పెట్టాడు. "మీ ఓటే మీ గొంతు" అన్నది ఆయన నినాదం. అక్కడితో ఆగలేదు. ఒక చేత్తో ఊరూరా పేర్లు రాయించాడు, మరో చేత్తో లాటినో న్యాయవాదులతో కలిసి గీతల మీద కేసులు వేయించాడు. ఓటు వేస్తే ఏమీ మారదని తెలిసిన జనానికి ఓటు విలువ గురించి ఉపన్యాసం చెప్పి లాభం లేదని, ముందు ఓటు మారేటట్టు చేయాలని ఆయనకు తెలుసు. శాన్ ఆంటోనియో నుంచి మన కార్యకర్తలు, విద్యార్థులు తీసుకోవాల్సిన పాఠం అదే. మనకూ నియోజకవర్గాల పునర్విభజన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ రోజు మ్యాపు ముందు ఎవరు కూర్చుంటారు, ఎవరి పేట ఎక్కడ తెగుతుంది, కింది మెట్టు మీదున్నవాడికి ఆ బల్ల దగ్గర కుర్చీ ఉంటుందా లేదా అన్నది ఇప్పటినుంచే అడగాలి. జనం మేలుకునే ఉన్నారు. గీతలు గీసే గది తలుపు తెరిపించడమే మిగిలిన పని.